అరగని ముక్కు

ఆ ముక్కు నాకొక్కదానికే కనిపిస్తోందా, అందరికీ కనిపిస్తోందా? ఇదొక్కటి తెలిస్తే చాలు నాకు. ఈ సర్కారు కచేరీ వసారాలో ఈ బల్ల మీద కూర్చుని పావుగంటయింది, పావుగంట నుంచీ ఒళ్ళో ఉన్న బొమ్మల అట్ట తెరిచి ఒకసారి, మూసి ఒకసారి, మళ్ళీ తెరిచి ఒకసారి చూస్తూనే ఉన్నాను. మా అచ్చు కొట్లో చూసినప్పుడు లేదు. ఒట్టు, లేదు. అచ్చు తీసిన కాగితాలు తడితడిగా ఉండగానే అయిదింటినీ కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి ఒక్కొక్కటీ పట్టి పట్టి చూశాను, శుభ్రంగా ఉన్నాయి అనుకున్నాను, గుండెల మీద శిలువ గుర్తు కూడా వేసుకున్నాను. కానీ మాది నేలమాళిగ, మా కిటికీలోంచి వీధిలో నడిచేవాళ్ళ బూట్లు కనిపిస్తాయి తప్ప వెలుతురు ఎక్కడిది! ఇప్పుడేమో కాగితం ఆరింది, తెల్లబడింది, ఇక్కడేమో సర్కారువారి కిటికీ, నేల నుంచి కప్పు దాకా అద్దాలే, సూదిలోకి దారం ఎక్కించుకునేంత వెలుతురు. గుమ్మం కాపలావిడ ఎవరి ఉత్తరమో విప్పి చదువుతున్న బొమ్మ ఇది. ఆవిడ వెనకాల గోడ తెల్లగా ఉండాలి. తెల్లగా లేదు. బూడిదరంగులో, పలచగా, ఒక ముక్కు. వంకాయంత ముక్కు. దాని కింద రెండు మడతల గడ్డం. గడ్డం పక్కన ఒక చెయ్యి, చేతిలో మూడు ఈకలు. ఎవరి ముక్కో నాకు తెలుసు, పారిస్‌లో అందరికీ తెలుసు, ఆయన మంత్రిగారు, ఆ ముక్కు ఈ కాగితం మీద ఉండటానికి వీల్లేదు, దాన్ని పదకొండు నెలల కిందట నా రెండు చేతులతో నేనే అరగదీసేశాను.

అరగదీశానా? అపొలీన్, నీతో నువ్వైనా నిజం చెప్పుకో. ఇవాళ గురువారం. శనివారం పొద్దున మా తమ్ముడు అన్సెల్మ్‌ని జైలు నుంచి వదులుతారు, మధ్యలో శుక్రవారం ఒక్కటే ఉంది. విడుదల కాగితం నేను చూశాను, దాని అడుగున సన్నటి అక్షరాల్లో రాసి ఉన్నది నాకు నోటికి వచ్చు: సదరు బొమ్మ మరెక్కడ ఏ రూపంలో బయటపడినా సదరు ఖైదీకి మరో ఏడాది. ఏడాది! మొన్న మంగళవారం ఉల్లిపాయల సూపు పట్టుకెళ్తే వాడు గిన్నె ఎత్తలేకపోయాడు. "వేడిగా ఉందక్కా" అన్నాడు కింద పెట్టేస్తూ. వేడెక్కడిది, అంత దూరం నడిచి వచ్చేసరికి ఎప్పుడో చల్లారిపోయింది. నేనూ అవును వేడే అన్నాను, ఊదాను కూడా. వాడి దగ్గు మెట్ల దగ్గరి నుంచే వినిపిస్తుంది నాకు, ఏ గదిలో ఉన్నాడో అడగక్కర్లేదు. ఇంకో చలికాలం వాడు లోపల బతకడు. ఇది ఎవరూ నాతో అనలేదు, జైలు వైద్యుడు నా మొహం చూడకుండా చేతులు కడుక్కున్నాడు, అంతే.

అసలు తప్పంతా నా చేతి పనిలోనే ఉంది. ఇరవై రెండేళ్ళుగా నా పని రాళ్ళు అరగదీయడం. రాతి మీద బొమ్మ గీస్తారని జనం అనుకుంటారు, గీయడం కాదు, రాయికి జిడ్డు తాగించడం. జిడ్డు పెన్సిలుతో గీసినంత మేరా రాయి ఆ జిడ్డుని తాగేస్తుంది, సిరా అక్కడే అంటుకుంటుంది, తక్కినచోట నీళ్ళు నిలబడి సిరాని రానివ్వవు. బొమ్మ పని అయ్యాక రాయిని అరగదీసి మళ్ళీ వాడతారు. ఒక రాయి మీద ఇంకో రాయి బోర్లించి, మధ్యలో ఇసుకా నీళ్ళూ పోసి తిప్పుతూ ఉండాలి, ముతక ఇసుకతో మూడు దఫాలు, సన్న ఇసుకతో రెండు, ఆపైన నురుగురాయి. బొమ్మ మొదటి దఫాలోనే కంటికి కనపడకుండా పోతుంది. అక్కడే కొత్తవాళ్ళు మోసపోతారు. కంటికి పోయినంత మాత్రాన పోయినట్టు కాదు, జిడ్డు లోపలికి దిగి కూర్చుని ఉంటుంది, రెండో దఫా, మూడో దఫా దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాలి. ఆరోజు పోలీసు అధికారి ఎదురుగా నిలబడ్డాడు, తెల్ల లాగూ వేసుకుని వచ్చాడు మహానుభావుడు, నేలమాళిగలో రాతిబురద దగ్గరికి తెల్ల లాగూ! మొదటి దఫాకే మంత్రిగారు మాయమయ్యారు, రెండో దఫాకి బురద ఎగిరి ఆయన మోకాలి మీద పడింది. "చాలు చాలు, ఆపవమ్మా, పోయింది కదా!" అన్నాడు. పోయిందండీ అన్నాను. కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక మూడో దఫా నేను తిప్పొచ్చు. ఎవరు వద్దన్నారు? ఇసుక అక్కడే ఉంది, నీళ్ళు అక్కడే ఉన్నాయి. తిప్పలేదు. రాయి తుడిచి, అన్నిటికన్నా అడుగు అరలో, మొహం గోడవైపు తిప్పి పెట్టేశాను. చేతులు నొప్పి, రేపు చూద్దాంలే అనుకున్నాను. అబద్ధం. నొప్పీ లేదు గిప్పీ లేదు. తమ్ముడి చేతి గీత అది. వాడిని పట్టుకెళ్ళిపోయారు, వాడు గీసింది కూడా తుడిచెయ్యమన్నారు, కొంచెం ఉండనీ లోపల, ఎవరికీ కనపడకుండా కొంచెం ఉండనీ అనుకున్నాను. నీ ప్రేమ తగలెయ్య! వాడి పీక మీదకి తెచ్చావు కదే.

ఆ రాయి మూల విరిగి ఉంటుంది, బొటనవేలంత. మంగళవారం నేను జైలుకి సూపు పట్టుకెళ్ళిన పూటే, రాళ్ళు చాలడం లేదని మా యజమాని తవర్నో అడుగు అర నుంచి దాన్ని తీయించి కొత్త చిత్రకారుడికి ఇచ్చేశాడు. నేను వచ్చి చూసేసరికి విరిగిన మూల పక్కన కాపలావిడ గౌను సగం తయారైంది.  అప్పుడే చెప్పాల్సింది. అయ్యా, ఆ రాయి సరిగ్గా అరగదీయలేదు, అనాల్సింది. అంటే, ఎందుకు అరగదీయలేదు అంటాడు. ఎందుకూ అంటే? అదీగాక ఒక్కోసారి ఏమీ పైకి రాదు, పదింట తొమ్మిదిసార్లు రాదు, ఇలా నాకు నేనే చెప్పుకుంటూ నోరు మూసుకున్నాను. పొద్దున తవర్నో కాలి బొటనవేలు వాచి, ఆ కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. "నువ్వే పట్టుకెళ్ళు అపొలీన్. నీ మొహం చూస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు" అన్నాడు. అది పొగడ్తో తిట్టో కూడా ఆలోచించుకోకుండా రెండు ప్రతులు అట్టలో పెట్టుకుని వచ్చేశాను. ఒకటి వాళ్ళు ఉంచుకుంటారు, ఒకటి ముద్ర వేసి ఇస్తారు. ముద్ర లేకుండా పారిస్‌లో ఇప్పుడు ఏ బొమ్మా గోడకెక్కదు. తమ్ముడు చేసిన నేరం అదే, ముద్ర లేకుండా నలభై ప్రతులు తీసి పంచాడు, మంత్రిగారు బాతు ఈకలు పీకుతున్నట్టూ, ఆ బాతు నెత్తిన కూలివాడి టోపీ ఉన్నట్టూ.

వెళ్ళిపోతే? లేచి, కడుపులో తిప్పుతోందని చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోతే? కుదరదు. వచ్చీ రాగానే బంట్రోతు కొట్టు లైసెన్సు తీసుకుని లోపల పెట్టేశాడు, పలక మీద పేరు రాసేశాడు, అయిదోదాన్ని నేను. ఇక్కడి దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్ళ ఇంటికే ముందు వస్తారని అన్సెల్మ్ చెప్పేవాడు. ఈ బల్ల మీద వాడు ఎన్నిసార్లు కూర్చున్నాడో. కూర్చుని ఊరికే ఉండేవాడు కాదు, చొక్కా చేతి మడత లోపల పెన్సిలు ముక్క దాచుకుని కనిపించిన వాళ్ళందర్నీ గీసేవాడు. రాజునీ మంత్రుల్నీ గీయకూడదని చట్టం వచ్చింది కదా, సరే, ఊళ్ళో మనుషులు ఉన్నారుగా అన్నాడు. అలా మొదలైంది 'పారిస్ మనుషులు' వరస. ఒకటో నంబరు నీళ్ళు మోసేవాడు, రెండు చాకలావిడ, మూడు చింకిగుడ్డలు ఏరుకునే ముసలాడు, అలా తొమ్మిది దాకా వాడు గీశాడు. జనం ఎగబడ్డారు. చాకలావిళ్ళు వచ్చి, మేం చంకలో బుట్ట అలా పెట్టుకోం కదయ్యా అని దెబ్బలాడి, దెబ్బలాడాక ఒకటి కొనుక్కుపోయేవాళ్ళు. తొమ్మిదో నంబరు గుమాస్తా. మోచేతులకి నల్లగుడ్డ తొడుగులు, చెవిలో కలం, బల్లకింద కాళ్ళు ఉన్ని సంచిలో దూర్చి. ఎవరో కాదు, ఈ తలుపు అవతల కూర్చునే మొస్యో వెర్దియేనే గీశాడు, ఇక్కడికి వచ్చిపోతూ. ఆ రోజు ఇంటికి వచ్చి నవ్వలేక చచ్చాడు. "తన బొమ్మ మీద తనే ముద్ర కొట్టాడక్కా! గుర్తుపట్టనే లేదు! పరీక్షించడం కోసమే కూర్చోబెట్టారు ఆయన్ని, తన మోచేతులు తనకి తెలియవు!" నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వొక్కటే నాకు ఆసరా. తన మోచేతులు తను గుర్తుపట్టని మనిషి, పలచటి ముక్కు గుర్తుపడతాడా? పట్టడు. పట్టడు కదా?

కాపలావిడ బొమ్మ వాడు ఎన్నడూ గీయలేదు. తవర్నో ఎన్నిసార్లు అడిగాడో, అందరూ గీస్తారయ్యా, అన్నిటికన్నా బాగా పోయేది అదే, చీపురూ, పిల్లీ, పక్కవాళ్ళ ఉత్తరాలూ పెడితే చాలు అని. గీయను అనేవాడు. మా అమ్మ గుమ్మం కాపలావిడ. మెట్లకింద గూట్లో పెరిగాం ఇద్దరం, అర్ధరాత్రి వచ్చిన అద్దెవాళ్ళు వీధి తలుపు గడియ తీసే తాడు లాగమని కేకేస్తే మంచం మీంచే లాగేవాళ్ళం. అమ్మకి చదువు రాదు. ఉత్తరం వస్తే విప్పేది కాదు, వాసన చూసేది. ఇది ఏడుపు, ఇది పెళ్ళి, ఇది కోర్టు, అనేది మూసి ఉన్న కవరు ముక్కు దగ్గర పెట్టుకుని, పదిలో ఎనిమిది సరిగ్గా చెప్పేది. ఏడుపు ఉత్తరాలు మాత్రం పైకి తనే తీసుకెళ్ళి ఇచ్చేది, నాలుగో అంతస్తయినా సరే, ఇచ్చి కాసేపు అక్కడే గుమ్మం ముందు ఊరికే ఊడ్చేది. ఇదిగో ఈ కొత్త చిత్రకారుడు గీసినావిడకి మీసాలు, మెడ మీద పులిపిరి, కళ్ళలో దొంగచూపు. ఈ బొమ్మ చూసి నేను మొన్న కోపంతో ఉడికిపోయాను. ఇవాళ ఆ పులిపిరిని మొక్కుతున్నాను, తల్లీ, అందరూ నిన్నే చూడాలి, నీ వెనక గోడ చూడకూడదు అని.

"ఏదీ, చూడనీ." పక్కన కూర్చున్నావిడ, విసనకర్రల మీద బొమ్మలు అతికించి అమ్మే మదామ్ బ్రిసార్, వచ్చినప్పటి నుంచీ నోరు ఆగలేదు ఈవిడకి, వద్దంటున్నా వినకుండా అట్ట నా ఒళ్ళోంచి తన ఒళ్ళోకి లాక్కుంది.  "అబ్బ, మా కాపలాది అచ్చం ఇదే! ఈ పులిపిరి కూడా! మరి ఈ వెనకాల ఆయనెవరు? భలే ఉన్నాడే!"

 కనిపిస్తోంది. నాకొక్కదానికే కాదు. "ఎవరూ లేరే" అన్నాను.

"ఎవరూ లేకపోవడమేమిటి, ఇంత ముక్కేసుకుని! ఎక్కడో చూశాను ఈయన్ని. ఆఁ, మా పై అంతస్తులో ఒక కవి అద్దెకుంటాడు, తిండిపోతు, కాపలాది తన ఉత్తరాలు విప్పుతోందని రోజూ ఇలాగే మెట్ల మీంచి తొంగి చూస్తుంటాడు. అడగడానికి మాత్రం ధైర్యం లేదు. మీ చిత్రకారుడు మా ఇంటికి గానీ వచ్చాడా ఏమిటి?" అంటూ పకపకా నవ్వింది. బంట్రోతు ఇటు తిరిగి చూశాడు. "నవ్వకండమ్మా, నవ్వకండి" అన్నాను. "ఏమ్మా, అలా పాలిపోయావు? పొద్దున ఏమైనా తిన్నావా లేదా? లోపల ఉన్నాయనేం కొరకడు, నాకు ఏడేళ్ళుగా తెలుసు, ఉలుకూ పలుకూ లేని మనిషి." ఆవిడ పేరు పిలిచారు, విసనకర్రలు సర్దుకుంటూ లేచి వెళ్ళింది. ఆవిడ తర్వాత నేను. ఆవిడ లోపల ఎంతసేపు ఉంటే అంత మంచిది, దేవుడా, ఆవిడకి యాభై విసనకర్రలు ఉండేలా చూడు.

తిన్నావా అంటే గుర్తొచ్చింది, సంచిలో రొట్టె ఉంది, సాయంత్రం అన్సెల్మ్‌కి ఇద్దామని తెచ్చింది. రొట్టె మెత్తటి భాగంతో రుద్దితే కాగితం మీద పెన్సిలు గీత పోతుంది, చిత్రకారులంతా అదే చేస్తారు. అచ్చుసిరా పోదు. అచ్చుసిరా పోదని నాకన్నా తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు? అయినా చెయ్యి ఊరుకోలేదు, రొట్టె చిదిమి, ఉండ చేసి, అట్ట మూత చాటున మంత్రిగారి ముక్కు రుద్దడం మొదలుపెట్టాను. రుద్దాను, రుద్దాను. ఏమైంది? ముక్కు చుట్టూ కాగితం మీద ఉన్న దుమ్మంతా పోయి తెల్లగా మెరిసింది, మధ్యలో ముక్కు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఓసి బుద్ధిలేనిదానా! అరగదీయాల్సిన రాయిని అరగదీయలేదు, అరగదీయకూడనిదాన్ని అరగదీశావు. ఆ రొట్టె ఉండ ఏం చెయ్యాలో తెలీక నోట్లో వేసుకున్నాను, మింగుడు పడలేదు, రెండో ప్రతి జోలికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. జైల్లో వాడు ఈ పాటికి వసారాలో నడుస్తూ ఉంటాడు, రోజూ ఈ వేళకి అరగంట నడవనిస్తారు. గురువారం, శుక్రవారం, శనివారం అని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. వాడి వేళ్ళు, చిన్నప్పుడు ఆ మెట్లకింద గూట్లో పొయ్యి బొగ్గుతో గోడంతా మెట్లెక్కేవాళ్ళ కాళ్ళు గీసేవాడు, మాకు కనిపించేవి కాళ్ళే కదా, ఎవరి కాళ్ళు ఎవరివో గీత చూసి నేను చెప్పాలి, అదీ మా ఆట. నేనెప్పుడూ తప్పు చెప్పలేదు. వాడి గీత చూస్తే ఎవరైనా చెప్పేస్తారు. అదే, అదే నా భయం.

మదామ్ బ్రిసార్ బయటికి వచ్చేసింది. అప్పుడేనా! "అన్నిటికీ కొట్టేశాడమ్మా ముద్ర, రా, నీ కోసం కూర్చుంటాను, కలిసి వెళ్దాం" అంది. "మదామ్ వెర్నూయ్" అని పిలిచాడు బంట్రోతు. నేనే. పోయినాయన ఇంటిపేరు అది, ఆ పెళ్ళి వల్ల నాకు ఒరిగిన మేలు ఇవాళ ఈ పేరొక్కటే. అన్సెల్మ్ కోర్దియేకి అక్కనని ఆ పేరులో ఎక్కడా లేదు. లేచాను. 

తొమ్మిదో నంబరు బొమ్మలోకి నడిచి వెళ్ళినట్టే ఉంది. నల్లగుడ్డ తొడుగులు, చెవిలో కలం, బల్లకింద ఉన్ని సంచి, ఏదీ మారలేదు, వాడు ఒక్క గీత కూడా అబద్ధం గీయలేదు. మొస్యో వెర్దియే నా వైపు చూడలేదు. చెయ్యి చాచాడు, అట్ట ఇచ్చాను. భూతద్దం తీశాడు. భూతద్దం! అది ఉంటుందని వాడు నాకెప్పుడూ చెప్పలేదు. అద్దం కాపలావిడ టోపీ మీద నుంచి మొదలై, మీసం మీదికి, పులిపిరి మీదికి, ఉత్తరం మీదికి, గౌను అంచు దాకా దిగింది, అక్కడ కాసేపు ఉంది, సంతకం చూస్తున్నాడు, ఆ సంతకం కొత్త చిత్రకారుడిది, ఫరవాలేదు, ఫరవాలేదు. మళ్ళీ పైకి ఎక్కింది. గోడ మీదికి వచ్చింది. ఆగింది. కిటికీ అంచు మీద పావురాలు గీరుతున్నాయి. తమ్ముడూ, నన్ను క్షమించరా.

"వీడెవడు?"

చెప్పు. ఏదో ఒకటి చెప్పు. "పై అంతస్తులో అద్దెకుంటాడండీ" అంది నా నోరు.

"ఎవరు?"

"కవి అండీ. ఆవిడ చేతిలో ఉత్తరం ఆయనదే. తన ఉత్తరం విప్పి చదువుతోంటే చాటు నుంచి చూస్తున్నాడు. అడగడానికి ధైర్యం లేదండీ."

"చేతిలో అవేమిటి?"

"ఈక కలాలండీ. రాసుకోవడానికి."

"మూడా?"

"ఎక్కువ రాస్తాడండీ. అరిగిపోతుంటాయి."

"కవి అంటే ఆకలితో మాడతాడంటారు. వీడి గడ్డం చూస్తే బాగానే తింటున్నట్టున్నాడే."

"విందులకి పిలుస్తుంటారండీ." ఈ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు తెలీదు, అమ్మే పలికించి ఉంటుంది.

మొస్యో వెర్దియే ముక్కులోంచి ఒక చప్పుడు చేశాడు. నవ్వు అయి ఉండొచ్చు. "ఇతరుల ఉత్తరాలు చదివే మనిషి, చదువుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి. బాగుంది. మరి ఇంత పలచగా ఉన్నాడేం?"

"చాటున ఉన్నాడు కదండీ."

"చాటున ఉన్నా బొమ్మ కొనేవాడికి కనపడాలిగా. ఇలా వదిలేస్తే మరక అనుకుంటారు." చెవిలోంచి కలం తీశాడు, ముంచాడు, బొమ్మ అంచున తీరిగ్గా రాస్తూ రాస్తూనే పైకి చదివాడు: "వెనుకనున్న కవిని స్పష్టముగా, ముదురుగా గీయవలెనను షరతుపై అనుమతించడమైనది." ముద్ర తీసుకుని దబ్బున కొట్టాడు. బల్ల అదిరింది, నేను అదిరాను. ఏమన్నాడు? ముదురుగా గీయమన్నాడు! మంత్రిగారిని ముదురుగా గీయమని సర్కారు ముద్ర! నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గుర్తుపట్టలేదు, తమ్ముడు చెప్పింది నిజమే, ఈయన తన మోచేతులు కూడా గుర్తుపట్టని మనిషే. ఇక కొట్టుకి పరిగెత్తి, ఆ వంకాయ మీద జిడ్డు పెన్సిలుతో ఏ చిలక ముక్కో పెట్టించేస్తే సరి. శనివారం. శనివారం వచ్చేస్తాడు. ముద్ర పడిన కాగితం చేతికి ఇచ్చాడు. రొట్టెతో రుద్దింది అదే, నాకు చేరింది. రెండో ప్రతి ఆయన సొరుగులో పెట్టాడు, పెట్టి, తాళం వేసి, తాళంచెవి కోటు లోపలి జేబులో వేసుకున్నాడు. విసనకర్రల బొమ్మలు బల్ల మీద అలాగే గుట్టగా పడి ఉన్నాయి, వాటికి సొరుగూ లేదు, తాళమూ లేదు. మరి ఈ ఒక్కదానికే తాళం ఎందుకు?

"సిరా ఆరనీ, ముట్టుకోకు" అంటూ ఇసుకడబ్బా కోసం వెనకాల బీరువా తలుపు తెరిచాడు. తలుపు లోపలివైపున, నాలుగు మూలలా మేకులు కొట్టి, తొమ్మిదో నంబరు బొమ్మ ఉంది. మోచేతులు, చెవిలో కలం, ఉన్ని సంచి. అంచులు పసుపెక్కాయి. నేను చూడటం ఆయన చూశాడు. తలుపు వెంటనే వేయలేదు.

"ఈ మోచేతుల్ని ఇంత సరిగ్గా పట్టుకున్నవాడు ఇంకొకడు లేడు" అన్నాడు. కోపమో మెచ్చుకోలో ఆ గొంతులో నాకు దొరకలేదు, ఇప్పటికీ దొరకడం లేదు. కాగితం మీద ఇసుక చల్లి, ఊది, బీరువా మూసి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "అమ్మా, ఆ కవి ముక్కు మాత్రం మీ తమ్ముడి చేత గీయించకు. ఆ చేతికి ఆ ఒక్క ముక్కే వస్తుంది." బల్ల మీది గంట కొట్టాడు. "తర్వాత ఎవరు?"

వెర్నూయ్ పేరు చాటున ఉన్న నన్ను ఆయన ఎప్పుడో పట్టేశాడు. వసారాలోకి వచ్చాను. మదామ్ బ్రిసార్ చెయ్యి పట్టుకుంది. "ఏమన్నాడు? ఆఁ? ఏమన్నాడమ్మా?" బాగుందన్నాడు అని చెప్పాను. "చెప్పానా, ఆయనకేం తెలీదు పాపం, ముద్ర కొట్టడం తప్ప" అంది. మెట్లు దిగుతున్నాం ఇద్దరం, ఆవిడ మాట్లాడుతూనే ఉంది, కింద వీధిలో బండ్లు, నీళ్ళ బిందెలు, చాకలావిడ చంకలో బుట్ట, ఒకటో నంబరు, రెండో నంబరు, అందరూ ఎవరి పని మీద వాళ్ళు పోతున్నారు. శనివారం పొద్దున జైలు గుమ్మం దగ్గర వాడి చేతులు పట్టుకుంటాను. ఇక ఏం గీయొద్దురా అంటాను. ఎందుకక్కా అంటాడు, నవ్వుతాడు, ఆయన గుర్తుపట్టనే లేదక్కా అంటాడు. నేనూ నవ్వాలి. వాడు దగ్గినంత కాలం, గీసినంత కాలం నేను అలా నవ్వుతూనే ఉండాలి. ఆ సొరుగు తాళంచెవి ఆయన జేబులో ఉంది.